మా అబ్బాయికి గంజాయి టెస్టు పాజిటివ్ వచ్చింది, చికిత్సకు పంపితే కేసు బలపడుతుందా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం. ముగ్గురు స్నేహితులతో అద్దె ఫ్లాట్‌లో ఉంటాడు, అగ్రిమెంట్ నా పేరు మీదే ఉంది. మొన్న రాత్రి పోలీసులు బండ్లు ఆపితే వాళ్లలో ఒకడి బ్యాగులో 15 గ్రాముల గంజాయి దొరికింది. యూరిన్ టెస్టులో మావాడికీ పాజిటివ్ వచ్చింది. నోటీసిచ్చి పంపారు. ఏడాదిగా రోజూ తాగుతున్నానని ఇంటికొచ్చాక ఒప్పుకున్నాడు. డీ-అడిక్షన్‌కు తీసుకెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే అని బంధువులు భయపెడుతున్నారు. జైలు పడుతుందా? అమెరికా చదువు సంగతేంటి? నా మీద కూడా కేసు పెడతారా?
– ఒక తండ్రి

జవాబు: ముందు బంధువుల మాట పక్కన పెట్టండి. మీవాడికి చట్టంలో ఉన్న అన్నిటికన్నా మంచి దారి ఆ చికిత్సే.

1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి తాగడం కూడా నేరమే. సెక్షన్ 27 కింద 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దగ్గర ఉంచుకుంటే శిక్ష బరువును బట్టి ఉంటుంది. గంజాయి కిలో లోపుంటే ‘స్వల్ప పరిమాణం’ అంటారు, దానికి ఏడాది వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. ఈ లెక్క గంజాయి వరకే సుమా. ఎండీఎంఏ అనే రసాయన మత్తుమందు అయితే అర గ్రాము లోపే స్వల్పం, 10 గ్రాములు దాటితే పదేళ్ల కేసు. పిల్లలకు ఈ తేడా తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. అదే చట్టంలో సెక్షన్ 64ఎ ఉంది. మత్తుకు బానిసైనవాడు తాగిన కేసులోనో, స్వల్ప పరిమాణం కేసులోనో ఇరుక్కున్నా, తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోగానీ చికిత్స తీసుకుంటే ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. పది రోజులుండి పండక్కి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లని కుర్రాళ్ల విషయంలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. ఓపీ చీటీ దగ్గర్నుంచి డిశ్చార్జి సమ్మరీ దాకా ప్రతి కాగితం ఫైల్లో పెట్టండి. అతను బానిసయ్యాడని డాక్టరు రాసిన కాగితమే మీ లాయరు వేసే పిటిషన్‌కు ప్రాణం. ఎప్పుడో సరదాకి రెండుసార్లు తాగినవాడికి 64ఎ వర్తించదు. అలాంటివాళ్లకు సెక్షన్ 27 వరకైతే ప్రొబేషన్ చట్టం కింద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద వదిలేసి, కోర్టు దయ చూపవచ్చు.

ఎవరో చెప్పారని గుర్తింపు లేని ప్రైవేటు సెంటర్‌లో మాత్రం పడేయకండి. డబ్బూ పోతుంది, ఆ కాగితం కోర్టులో పనికీ రాదు. పిల్లాణ్ణి గదిలో వేసి తాళం పెట్టడం కూడా తప్పే. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు వల్ల వచ్చే సమస్యలకూ వర్తిస్తుంది. వివరాలు గోప్యంగా ఉంచాలన్న నియమమూ అందులోనే ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి.

ఒక్క మాట మాత్రం మీవాణ్ణి కూర్చోబెట్టి, అరవకుండా అడగండి: నలుగురి దగ్గరా డబ్బులు పోగుచేసి సరుకు తెచ్చిందెవరు? ఫోన్‌పేలో తలా 500 తన ఖాతాకే వచ్చి ఉంటే పోలీసులు అతణ్ణి తాగేవాడిగా కాక అమ్మేవాడిగా చూస్తారు. ఆ సరుకు ఇచ్చినవాడు పెద్ద కేసులో దొరికితే సెక్షన్ 29 కింద కుట్రలో పేరు రావచ్చు. ఇది ముందు మీ లాయరుకు తెలియాలి. అలాగని చాట్‌లు డిలీట్ చేయించకండి, సాక్ష్యం మాయం చేయడం ఇంకో నేరం. నోటీసులో ఉన్న తేదీకి లాయరుతో కలిసి తప్పకుండా వెళ్లమనండి, వెళ్లకపోతే అరెస్టు చేసే అధికారం వాళ్లకుంది. ‘యాభై వేలిస్తే పేరు తీయిస్తా’ అనేవాడు వస్తే గుమ్మంలోంచే పంపేయండి.

అమెరికా సంగతి. కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి కావాలి. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, మత్తుకు బానిసయ్యారా అని సూటిగా అడుగుతారు. శిక్ష పడితే వీసా దాదాపు కష్టమే. అబద్ధం రాసి దొరికితే ఆ దేశం తలుపులు జీవితాంతం మూసుకుపోవచ్చు. కన్సల్టెన్సీ వాళ్లు ‘నో అని కొట్టేయండి’ అంటే వినకండి. ఫారం నింపే ముందు అక్కడి ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

ఇక మీ పేరు మీదున్న అగ్రిమెంటు. తెలిసి తెలిసి ఇంటిని మత్తు పనులకు వాడుకోనిస్తేనే సెక్షన్ 25 వర్తిస్తుంది. మొన్నటిదాకా మీకు తెలియదు కాబట్టి భయం లేదు. ఇప్పుడు తెలిసింది. ఈ వారంలోనే ఆ ఫ్లాట్ ఖాళీ చేస్తున్నట్టు ఓనరుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.