మూడు డిస్కుల ఆట కొనే ముందు: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో ఒకాయన దగ్గర పాత ప్లేస్టేషన్ ఆటల మెషీన్ ఒకటి, దానితోపాటు ఫైనల్ ఫాంటసీ 7 అనే ఆట డిస్కులు బేరానికి వచ్చాయనీ, మూడింటిలో రెండే కనబడుతున్నాయనీ, మూడోది వెతికి తరువాత పంపుతానని ఆయన చెబుతున్నాడనీ రాశావు. డబ్బు ఇచ్చేయవచ్చా అని అడిగావు. ఇవ్వవద్దు. మెషీన్ బాగుంటే దాని వరకు కొనుక్కో. డిస్కులకు మాత్రం మూడూ నీ చేతికి వచ్చి, మూడింటినీ నువ్వు పరీక్షించిన తరువాతే పైకం ఇవ్వు. గంటస్తంభం దగ్గర గంట లెక్కన ఆటలు ఆడించే దుకాణం చాలా కాలం నడిపినవాణ్ని కనుక ఈ విషయంలో నా మాట విను. ఎక్కువ డిస్కుల ఆటలో ఒక్క డిస్కు లేకపోయినా, ఒక్కటి చదవకపోయినా మిగిలినవన్నీ ఉండీ లేనట్టే.

ఇలాంటి లోపం మొదట్లో బయటపడదు. 1997లో వచ్చిన ఆ ఆటను ఒక్క సీడీలో ఇమడ్చలేక మూడింటికి పంచారు. సీడీలో పట్టేది సుమారు 650 మెగాబైట్లే. ఊళ్లు, పోరాటాలు, పాత్రల లెక్కలు వంటి ముఖ్యమైన సరంజామా అంతా చాలావరకు మూడు డిస్కులలోనూ మళ్లీ మళ్లీ ఉంటుంది. చోటు తినేసేవి మధ్యమధ్య వచ్చే సినిమాలాంటి దృశ్యాలు. కథలో ఏ భాగానికి కావలసిన దృశ్యాలను ఆ డిస్కులో పెట్టారు. అందువల్ల మొదటి డిస్కుతో ఆట ఏ లోటూ లేకుండా నడుస్తుంది. నువ్వు రోజూ సాయంత్రం కూర్చుని, పాత్రల బలం పెంచుకుని, వారాలు గడిచిన తరువాత తెర మీద తరువాతి డిస్కు పెట్టమని అడిగినప్పుడు గాని లోటు తెలియదు. ఈ ఆటలో మూడో డిస్కు నిడివి తక్కువ, చివరి ఘట్టం మాత్రమే అందులో ఉంటుంది. ఆ సంగతి చెప్పి, అది లేకపోయినా పెద్ద నష్టం లేదని ఆయన నిన్ను ఒప్పించబోవచ్చు. ముగింపు దొరకని కథకు అన్ని సాయంత్రాలు ధారపోయడం నాకు సమ్మతం కాదు, నీకూ కాకూడదు.

అన్ని ఆటలనూ ఒకే పద్ధతిలో విడదీయలేదన్న సంగతి కూడా తెలుసుకో. 1998 నాటి రెసిడెంట్ ఈవిల్ 2లో రెండు డిస్కులు ఉంటాయి, కానీ రెండోది కథకు ఉత్తరార్ధం కాదు. ఆటలోని ఇద్దరు ముఖ్య పాత్రల్లో ఒకటి లియాన్‌ది, ఒకటి క్లెయిర్‌ది. కంప్యూటరుకు వచ్చిన రివెన్ ఐదు సీడీల ఆట. అందులో ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లినప్పుడల్లా డిస్కు మార్చవలసి వచ్చేది, చిక్కుముడి విప్పడానికి అటూ ఇటూ తిరగడమే ఆ ఆటలో పని కాబట్టి ఆడేవారి ఓపిక హరించుకుపోయేది. కనుక ఏ సెట్టు కొన్నా రెండో డిస్కులో ఏముంది, ఎన్నిసార్లు మార్చాలి అన్నది ముందే కనుక్కో.

ఇక పరీక్షించే విధానం. అసలైన మొదటి తరం ప్లేస్టేషన్ డిస్కుల అడుగు నల్లగా ఉంటుంది. మూడింటిలో ఒకటి వెండి రంగులోనో, నీలి ఛాయలోనో కనబడితే అది కాపీ చేసినదని గ్రహించు. ఆ రోజుల్లో మన ఊళ్లలో అటువంటివి విరివిగా తిరిగాయి, పోయిన డిస్కు స్థానంలో కాపీ పెట్టి సెట్టు పూర్తి చేయడం కొందరికి అలవాటు. తరువాత డిస్కు మీద ముద్రించిన కోడ్ నంబరు చూడు. ఈ ఆట అమెరికా సెట్టుకు నంబర్లు ఎస్‌సీయూఎస్ 94163, 94164, 94165 అని వరుసగా ఉంటాయి. యూరప్ సెట్టు నంబర్లు ఎస్‌సీఈఎస్ అని మొదలవుతాయి. ఒక సెట్టులో ఈ రెండూ కలవకూడదు. ఒక ప్రాంతపు ఆటలో దాచుకున్న సేవ్‌ను, అంటే ఎంతవరకు ఆడావో రాసి ఉంచిన గుర్తును, ఇంకో ప్రాంతపు ఆట గుర్తించదు, మార్పు చేయని మెషీన్ వేరే ప్రాంతపు డిస్కును అసలు తీసుకోదు. విడిగా దొరికిన మూడో డిస్కును ఎవరైనా తీసుకువస్తే అన్నిటికన్నా ముందు ఈ నంబరే అడుగు.

గీతల విషయంలో చాలామంది అడుగు భాగాన్ని మాత్రమే చూస్తారు. సీడీలో సమాచారం ఉండే పలుచని లోహపు పొర బొమ్మ ముద్రించిన వైపున, లక్క పూత కిందనే ఉంటుంది. అడుగున 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అడ్డుగా ఉంది కాబట్టి అక్కడి చిన్న గీతలను మెషీన్ చాలావరకు సర్దుకుంటుంది. పైవైపు లోతుగా గీత పడి పొర లేచిపోతే ఇక చేయగలిగింది లేదు. అడుగున కూడా కేంద్రం నుంచి అంచుకు నిలువుగా ఉన్న గీతకన్నా చుట్టూ తిరిగిన గీత ప్రమాదకరం, ఎందుకంటే అది సమాచారపు దారి వెంబడే సాగి వరుసగా చాలా భాగాన్ని చెడగొడుతుంది. తుడిచేటప్పుడు మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవమనడం అందుకే.

కంటితో చూసి తృప్తి పడవద్దు. ఆట పేరు తెర మీదకు వచ్చినంత మాత్రాన డిస్కు మొత్తం బాగున్నట్టు కాదు. నీ ల్యాప్‌టాప్‌కు ఒక డిస్కు డ్రైవు తగిలించి, మూడు డిస్కులనూ ఆరంభం నుంచి అంతం వరకు ఇమేజ్‌గా, అంటే డిస్కులోని సమాచారమంతా ఫైలు రూపంలో వచ్చేలా, కాపీ చెయ్యి. మొదటి, రెండో తరం ప్లేస్టేషన్ డిస్కులను మామూలు డ్రైవు చదువుతుంది. ఎక్కడా ఆగకుండా, తప్పు చూపకుండా కాపీ పూర్తయితే ఆ డిస్కు ఆరోగ్యంగా ఉన్నట్టే. న్యాయంగా కొన్న ప్రోగ్రాము పాడైపోకుండా తన కోసం ఒక ప్రతి దాచుకోవడాన్ని మన కాపీరైట్ చట్టం అనుమతిస్తుంది, కనుక ఆ కాపీని చెరిపేయక భద్రంగా ఉంచుకో. ఈ పని అమ్మేవాడి ఇంట్లోనే చేయాలి. ఆయన ఒప్పుకోకపోతే బేరం వదిలి వచ్చెయ్యి.

ఆడడం మొదలుపెట్టాక డిస్కు మార్చే ఘట్టం దగ్గర జాగ్రత్త పడాలి. సేవ్‌లను దాచే మెమరీ కార్డులో 15 బ్లాకులే (గళ్లు) ఉంటాయి, ఈ ఆటలో ఒక్కో సేవ్‌కు ఒక బ్లాకు పడుతుంది. కథ ముదురుతోంది, డిస్కు మారేలా ఉంది అనిపించగానే ఒక ఖాళీ బ్లాకులో సేవ్ చేసి, ఆ సేవ్ మీద మరోటి రాయకుండా అలాగే ఉంచు. దీనికి రెండు కారణాలున్నాయి. తరువాతి డిస్కు మొరాయిస్తే వెనక్కి రావడానికి చోటు ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం: కొన్ని ఆటలలో డిస్కు మారితే పాత చోట్లకు తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. 1999లో నాలుగు డిస్కులతో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 8లో నాలుగో డిస్కుకు చేరాక ఊళ్లలోకి అడుగుపెట్టే వీలుండదు. అక్కడ చేయవలసిన చిన్న పనులు మిగిలిపోతే మిగిలిపోయినట్టే. ఉన్న ఒక్క సేవ్ మీదే మళ్లీ మళ్లీ రాసి, ఆ స్థితిలో నా దుకాణానికి వచ్చి దిగులుపడిన పిల్లలను నేను చూశాను, వాళ్లకు సాయం చేయడానికి నా దగ్గర ఏ ఉపాయమూ లేకపోయింది. డిస్కు పెట్టమని ఆట అడిగాకే మూత తెరువు, తిరగడం పూర్తిగా ఆగనివ్వు, మెషీన్ స్విచ్ ఆపవద్దు. మీ వైపు కరెంటు కోతలు ఎక్కువ కాబట్టి ఒక చిన్న యూపీఎస్ కొనుక్కో. సేవ్ రాస్తుండగా కరెంటు పోతే ఆ సేవ్ చెడిపోయే ప్రమాదం ఉంది.

మీది కళింగపట్నం. సముద్రపు తేమ డిస్కులకు మంచిది కాదు. కాగితపు కవర్లు తేమ పీల్చి బూజు పడతాయి, పైపూత దెబ్బతిన్న చోట లోపలి అల్యూమినియం పొర పాడవుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో, నిలువుగా పెట్టి, నేలకు ఎత్తులో ఉంచు. 2018లో తిత్లీ తుఫాను మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలోకి నీళ్లు తెచ్చిందో నీకు గుర్తుండే ఉంటుంది. పెట్టె విరిగిపోయిందని డిస్కుల మీద సెల్లోటేపు అంటించవద్దు, తీసేటప్పుడు పొరతో సహా ఊడి వస్తుంది.

నీ పీఎస్4లో (ప్లేస్టేషన్ 4) రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆడుతున్నానన్నావు. 2018 నాటి ఆ ఆటకూ రెండు డిస్కులే, కానీ వాటి సంగతి వేరు. డేటా డిస్కు నుంచి ఒకసారి హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుంటే, తరువాత ప్రతిసారీ ప్లే డిస్కు మాత్రమే పెడితే చాలు. అందుకని డేటా డిస్కు ఇక పనికిరానిదని ఎవరికీ ఇచ్చేయకు. ఆ ఆటకు సుమారు వంద జీబీ కావాలి. చోటు చాలక ఒకనాడు చెరిపేస్తే మళ్లీ ఎక్కించడానికి ఆ డిస్కే దిక్కు. స్నేహితులు అడిగితే రెండూ కలిపి ఇవ్వు, రెండూ కలిపి తీసుకో, పెట్టె తెరిచి చూడకుండా తిరిగి తీసుకోవద్దు.

ఆయన మూడో డిస్కు దొరికిందని కబురు చేస్తే, మూడింటి నంబర్లూ అడుగు భాగాలూ స్పష్టంగా కనబడేలా ఫోటోలు తీసి నాకు పంపు. నేను చూసి చెప్పే వరకు బయానా కూడా ఇవ్వకు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మావయ్య