పండగ పనుల చిట్టా తలుచుకుంటేనే గుండె దడ.. కృతజ్ఞతల డైరీ రాస్తే తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్లు. ఓ ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. సంక్రాంతికి అత్తగారు, మామగారు, ఆడపడుచు కుటుంబం అంతా మా ఇంటికే వస్తారు. డిసెంబరు చివర్లోనే ఫోన్లో పనుల జాబితా మొదలుపెడతాను. ఒకటి కొట్టేస్తే రెండు చేరుతుంటాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. పిండి పట్టించలేదనో, చీరలు కొనలేదనో గుర్తొస్తుంది. ఊరికే పిల్లల మీద అరుస్తున్నాను. పండగ వెళ్లిపోయాక ఒళ్లు నొప్పులు తప్ప ఏమీ గుర్తుండవు. ‘రోజూ గ్రాటిట్యూడ్ జర్నల్ రాయి, టెన్షన్ పోతుంది’ అని మా చెల్లెలు చెబితే పుస్తకం కొన్నాను. కొన్నాళ్లు రాసి ఆపేశాను. ఇప్పుడు అది రాయడం లేదన్న దిగులు కూడా తోడైంది. అసలు ఇది పనిచేస్తుందా? మందులు వాడాలా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

సమాధానం: డైరీ రాయలేకపోయానని దిగులు పడుతున్నానన్నారు చూడండి, మీ సమస్య అంతా అక్కడే ఉందమ్మా. అప్పటికే నిండిపోయిన చిట్టాలో కృతజ్ఞత కూడా ఇంకో పనిగా చేరింది. చోటు లేనిచోట ఎంత మంచి అలవాటైనా బరువే అవుతుంది. అందుకే ముందు చిట్టా తగ్గాలి. డైరీ సంగతి ఆ తర్వాత.

దానికంటే ముందు ఒంటి సంగతి చూసుకోండి. దడ, నిద్ర చెడిపోవడం, చిరాకు.. ఇవన్నీ టెన్షన్ వల్లే అని మనమే తేల్చేసుకోకూడదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా అచ్చం ఇలాగే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ పరీక్షలు చేయించుకోండి. బీపీ చూపించుకోండి. దడ తరచూ వస్తోంది కాబట్టి ఈసీజీ కూడా తీయించండి. మీ వయసులో నెలసరి క్రమం మారడం మొదలైతే నిద్ర మధ్యలో తెగడం, ఒళ్లంతా వేడెక్కడం మామూలే. అలాంటివి ఉంటే గైనకాలజిస్టుకు చెప్పండి. పండగ పనుల్లో పడి సాయంత్రం ఆరు తర్వాత కాఫీ తాగుతున్నారేమో గమనించుకోండి. కెఫీన్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది. ఈ పరీక్షలను మాత్రం ‘పండగయ్యాక చూద్దాం’ అని వాయిదా వేయకండి.

ఇక మూడింటి మెలకువ. రాత్రి రెండో సగంలో నిద్ర పలచబడుతుంది. తెల్లవారేకొద్దీ, ఒంటిని మెలకువకు సిద్ధం చేసే కార్టిసాల్ హార్మోన్ పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఆ సమయంలో కాస్త కదిలినా మళ్లీ నిద్రలోకి జారుకుంటాం. మనసులో తేలని పనులుంటే మాత్రం అవి అప్పుడే తలెత్తుతాయి. మెలకువ వచ్చినప్పుడు టైమ్ చూడకండి, ఫోన్ అసలే ముట్టుకోకండి. ఊపిరి పీల్చిన దానికంటే నెమ్మదిగా వదులుతూ కాసేపు పడుకోండి. చాలాసేపటికీ నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాకే మళ్లీ పడక మీదికి వెళ్లండి.

‘లిస్టులు రాయడం మానేయండి’ అని మాత్రం నేను చెప్పను. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 57 మంది యువతీయువకులతో ఓ ప్రయోగం చేశారు. పడుకోబోయే ముందు ఐదు నిమిషాల పాటు కొందరిని రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు, మిగతావారిని అప్పటికే చేసేసిన పనులు రాయమన్నారు. చేయాల్సినవి రాసినవాళ్లకే సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది. చిన్న ప్రయోగమే, అదీ ఆరోగ్యంగా ఉన్న యువతపై చేసింది. అయినా నా దగ్గరికి వచ్చేవారికి ఈ పద్ధతి చెబుతూనే ఉంటాను. పని కాగితం మీదికి చేరితే, దాన్ని గుర్తు పెట్టుకునే బాధ్యత మనసుకు తప్పుతుంది. మీరు రోజంతా ఫోన్లో చేరుస్తూ పోతున్నారు, చూసినప్పుడల్లా అది మిమ్మల్ని తరుముతోంది. రాత్రి భోజనాలయ్యాక ఒక్కసారి, కాగితం మీద, రేపటివి మాత్రమే రాయండి. రాసి మడిచి పెట్టేయండి.

ఇప్పుడు కోత. ఓ సాయంత్రం మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చిట్టా ముందు పెట్టండి. అటక దులపడం, కర్టెన్లు ఉతకడం, పాత ఇత్తడి సామాను తోమడం, తడిపిండి పట్టించడం, గ్యాస్ బుక్ చేయడం, ఆడపడుచుకు చీర, భోగిపళ్లకు రేగుపళ్లు, చిల్లర డబ్బులు, అరిసెలు, జంతికలు, సున్నుండలు.. బహుశా ఇలాగే ఉంటుంది. ఒక్కోదాని దగ్గరా ఆగి, ‘ఇది చేయకపోతే వచ్చినవాళ్లలో ఎవరైనా గమనిస్తారా?’ అని అడగండి. అటక ఎవరూ చూడరు, కొట్టేయండి. జంతికలు, సున్నుండలు స్వగృహ ఫుడ్స్ నుంచి తెచ్చుకుంటే పండగకు వచ్చే లోటేమీ లేదు. మిగిలిన ప్రతి పని పక్కనా ఓ పేరు రాయండి. గ్యాస్, పిండిమర, రేగుపళ్లు మీవారివి. పిల్లలు కాస్త పెద్దవాళ్లైతే ముగ్గుల రంగులు తేవడం, మంచాలు, పక్కలు సర్దడం వాళ్లవి. ఆయన మీకు ‘సాయం’ చేస్తున్నట్టు కాకుండా, ఆ పని గుర్తు పెట్టుకోవడంతో సహా ఆయనదే అయితేనే మీ బుర్రకు విశ్రాంతి. 2019 కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనిలో పాల్గొనే మహిళలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. మామూలు రోజుల్లోనే ఇదీ పరిస్థితి. మీ దడకు ఇంటి లెక్కలో కారణం ఉన్నప్పుడు దాన్ని మీ మనసు బలహీనత అనుకోవద్దు.

చోటు దొరికింది కాబట్టి ఇప్పుడు కృతజ్ఞత గురించి చెబుతాను. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను వారానికి ఒక్కసారి చొప్పున పది వారాలు రాయమన్నారు. కృతజ్ఞతగా అనిపించిన విషయాలు రాసినవాళ్లు, చికాకులు రాసినవాళ్లకంటే జీవితంపై ఎక్కువ తృప్తిగా ఉన్నారు, ఒంటి బాధలు కూడా తక్కువ చెప్పారు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త సోన్యా లుబొమిర్‌స్కీ బృందం చూసినప్పుడైతే వారానికి మూడుసార్లు రాసినవాళ్లకంటే ఒక్కసారి రాసినవాళ్లకే మేలు కనిపించింది. అంటే మీరు రోజూ రాయలేకపోవడం వల్ల పోయిందేమీ లేదు. ఇంకోమాట కూడా నిజాయితీగా చెప్పాలి. తర్వాత చాలా అధ్యయనాలను కలిపి చూస్తే ఆందోళన, డిప్రెషన్‌లపై ఈ పద్ధతుల ప్రభావం స్వల్పమేనని తేలింది. మంచి అలవాటే, వైద్యానికి బదులు మాత్రం కాదు.

మీకైతే రాయడం కంటే మనిషితో చెప్పడం మేలనిపిస్తోంది. ఉదాహరణకు అరిసెలు ఇంట్లోనే చేయండి, ఎందుకంటే ఆ పని ఒక్కరి వల్ల కాదు. అత్తగారు పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసి ‘ఇప్పుడు దింపు’ అంటారు. మీరు వేయిస్తారు, ఆడపడుచు నూనె వత్తి పళ్లెంలో పరుస్తుంది. అక్కడే, ఆ స్టవ్ దగ్గరే, ‘అత్తయ్యా, మీరు పాకం చూస్తుంటే నాకు ధైర్యంగా ఉంది’ అనండి. వట్టి థాంక్స్ కంటే ఏ పనికో చెప్పి అన్న మాట ఇద్దరి మనసులోనూ నిలుస్తుంది. ఆ మూడు రోజులూ రెట్టింపు అంట్లు తోమే పనామెను మరిచిపోకండి. మంచి మాటతో పాటు అదనంగా డబ్బులు, పండగయ్యాక ఓ రోజు సెలవు ఇవ్వండి. అసలు మన పండగలోనే ఇందుకో రోజుంది కదా. ఏడాదంతా చాకిరీ చేసిన ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, పసుపు కుంకుమలు పెట్టి, ఆ రోజు కాడి కట్టకుండా వదిలేస్తారు కనుమ నాడు. ఆ మధ్యాహ్నం మీ కాగితం మీద కూడా ఏ పనీ ఉండకూడదు. మినప గారెలు తిన్నాక వంటిల్లు మూసేసి అందరితో కలిసి కూర్చోండి. సాయంత్రం టీ ఎవరో ఒకరు పెడతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ‘ఇంత మంచి కుటుంబం ఉంది, ఇంకేం కావాలి’ అని ఎవరన్నా, మీకు మీరే అనుకున్నా, దాన్ని కృతజ్ఞతగా పొరబడకండి. నడుం నొప్పిగా ఉంటే ఉందని చెప్పాలి. భారం ఎక్కువైతే ఎక్కువైందని చెప్పాలి. బాధను నొక్కేసి రాసుకున్న కృతజ్ఞతలు నిద్రను తేలేవు, ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

మందుల విషయానికొస్తే, పరీక్షల్లో ఏమీ తేలకుండా, పండగయ్యాక రెండు మూడు వారాల్లో నిద్ర, దడ సర్దుకుంటే మందులతో పనిలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆందోళనగానే ఉన్నా, రెండు వారాలకు పైగా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉన్నా సైకియాట్రిస్టును కలవండి. ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవడం మాత్రం వద్దు, అలవాటుపడే ప్రమాదం ఉంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, ఎవరితోనైనా మాట్లాడాలనిపించినా కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.