ఆర్నికా మొక్కను హైదరాబాద్‌లో మేడ మీద పెంచవచ్చా?

పెంచలేరనే చెప్పాలి. తలనూనె సీసాల మీద బొమ్మగా కనిపించే ఈ పసుపు పూల మొక్క (ఆర్నికా మోంటానా) యూరప్ కొండల పచ్చికల్లోది, చామంతి కుటుంబానిది. చలికాలంలో పైభాగం ఎండిపోయి, నేలలోపలి కాండం నుంచి వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. ఆ చలి మనకు లేదు, పైగా మే ఎండ.

చల్లటి దేశాల్లో ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు. తాజా విత్తనాలే తీసుకోండి, పాతబడితే మొలక బాగా తగ్గిపోతుంది. మట్టి పులుపు గుణంతో (ఆమ్లత్వం కొలిచే పీహెచ్ 5 దగ్గర) ఉండాలి, ఎరువు అక్కర్లేదు. సున్నం ఉన్న నీళ్లు పోస్తే ఇనుము అందక ఆకులు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. వాననీరు పోయండి. మొదటి ఏడు నేలకంటిన ఆకులే, పూలు సాధారణంగా రెండో ఏడు నుంచి.

గుర్తుపట్టాలంటే పూలకాడ చూడండి: ఆకులు ఎదురెదురుగా జతగా ఉంటాయి. మెక్సికోలో ఆర్నికా పేరుతో అమ్మే వేరే మొక్కకు అలా ఉండవు.

కషాయం మాత్రం కాచుకోకండి. ఇందులోని హెలెనాలిన్ విషం, వాంతులతో మొదలై గుండె లయ దాకా దెబ్బతీస్తుంది. కమిలిన చోట పైపూతగా సరే; తెగిన చర్మం మీద వద్దు, చామంతి పడనివాళ్లకు అసలే వద్దు. హోమియో 30సి (పదేపదే పలచన చేసిన) మాత్రల సంగతి వేరు, వాటిలో మొక్క పదార్థం దాదాపు మిగలదు.