నాస్తికుడు వేరు, అజ్ఞేయవాది వేరు

సందేహం: చార్లెస్ డార్విన్ గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘డార్విన్ చివరికి అజ్ఞేయవాదిగా మిగిలాడు’ అని రాశాను. ప్రతిని పరిష్కరించినవారు ‘అజ్ఞేయవాది అంటే ఎవరికి తెలుస్తుంది? నాస్తికుడు అంటే చాలు’ అని దిద్దారు. రెండూ ఒకటేనా? నిరీశ్వరవాది, సంశయవాది, హేతువాది అనే మాటలూ కనిపిస్తుంటాయి. ఏది ఎక్కడ వాడాలి?

సమాధానం: ఆ దిద్దుబాటుతో వాక్యం తేలికపడి ఉండవచ్చు గాని, విషయం తప్పిపోయింది. దేవుడి ఉనికిని కాదనే అర్థంలో తానెన్నడూ నాస్తికుణ్ణి కాననీ, తన మనఃస్థితికి అజ్ఞేయవాది అన్న పేరే ఎక్కువ తగుతుందనీ డార్విన్ 1879లో ఒక ఉత్తరంలో స్వయంగా రాశాడు. ఆయన ఏరుకున్న మాటను మార్చే హక్కు అనువాదకుడికీ లేదు, పరిష్కర్తకూ లేదు.

ఈ రెండు మాటలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ‘దేవుడు ఉన్నాడా?’ అంటే ‘లేడు’ అనేవాడు నాస్తికుడు. ‘ఉన్నదీ లేనిదీ మనకు తెలుస్తుందా?’ అంటే ‘తెలియదు’ అనో ‘తెలిసే వీలు లేదు’ అనో చెప్పేవాడు అజ్ఞేయవాది. ఒకటి ఉనికికి సంబంధించినది, ఇంకొకటి ఎరుకకు సంబంధించినది. తక్కిన చిక్కులన్నీ ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

నాస్తిక శబ్దం చాలా పాతది. న, అస్తి అనే రెండు ముక్కలు కలిస్తే నాస్తి, అంటే ‘లేదు’. ‘అస్తి నాస్తి దిష్టం మతిః’ అని పాణిని సూత్రం (4.4.60). ‘అస్తి’ అనే మతి కలవాడు ఆస్తికుడు, ‘నాస్తి’ అనే మతి కలవాడు నాస్తికుడు. ఇక్కడ జాగ్రత్తగా చూడవలసింది ఒకటుంది. ‘లేదు’ అన్న క్రియ మాటలోనే ఉంది గాని, ఏది లేదో మాటలో లేదు. ఆ ఖాళీని ఒక్కొక్క కాలం ఒక్కొక్క విధంగా పూరించింది. పై సూత్రానికి కాశికావృత్తి అనే ప్రాచీన వ్యాఖ్యానం ఇచ్చిన అర్థంలో ఆ స్థానంలో ఉన్నది పరలోకం. మనుస్మృతిలో ‘నాస్తికో వేదనిందకః’ (2.11) అన్నప్పుడు అక్కడ ఉన్నది వేదప్రామాణ్యం. మనం నేడు పూరించుకుంటున్నది దేవుడితో.

దీనివల్ల ప్రాచీన గ్రంథాలను అనువదించేవారు తరచు బోల్తా పడతారు. సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థాన్ని విచారించే దర్శనంవారు, ఒప్పుకోరు. అయినా వేదం ప్రమాణమంటారు గనుక వారిది ఆస్తిక దర్శనమే. జైనులు పరలోకాన్నీ కర్మఫలాన్నీ నమ్ముతారు. అయినా వేదప్రామాణ్యాన్ని అంగీకరించరు గనుక నాస్తికుల లెక్కలో పడ్డారు. కాబట్టి దర్శనాల చర్చలో నాస్తిక శబ్దం కనిపించగానే ‘దేవుడు లేడనేవారు’ అని వివరణ రాసేయకూడదు. అక్కడ దేవుణ్ణి అంగీకరించని పక్షానికి వేరే మాట స్థిరపడి ఉంది: నిరీశ్వర. సాంఖ్య దర్శనంలో ఈశ్వరుణ్ణి ఒప్పుకోనిది నిరీశ్వర సాంఖ్యం, ఒప్పుకునేది సేశ్వర సాంఖ్యం అనే విభజన చూడండి. ఈశ్వరుడి సంగతి మాత్రమే చెప్పదలిస్తే ఇంతకన్నా నిక్కచ్చి మాట తెలుగులో లేదు.

ఆధునిక రచనలో మాత్రం నాస్తికుడు అంటే దేవుడు లేడనేవాడన్న అర్థం గట్టిపడింది. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, అంతవరకూ ఎదుటివారిని నిందించడానికి పనికొచ్చిన మాటను తన జీవన విధానానికి పేరుగా తలెత్తుకుని నిలబెట్టారు. గుడికి వెళ్ళనివాణ్ణీ పూజ చేయనివాణ్ణీ నాస్తికుడనడం వాడుకలో ఉంది గాని, అది ఆచారానికి పెట్టిన పేరు, అభిప్రాయానికి కాదు. రాతలో దాన్ని అనుసరించకండి.

ఇక అజ్ఞేయం. పా నుంచి పేయం, గా నుంచి గేయం, దా నుంచి దేయం వచ్చినట్టే జ్ఞా ధాతువు నుంచి జ్ఞేయం వచ్చింది. తాగదగినది పేయం, తెలుసుకోదగినది జ్ఞేయం. అపేయం తాగరానిదైనట్టు అజ్ఞేయం తెలియరానిది. అజ్ఞాతం అలా కాదు. అది ఇంకా తెలియనిది మాత్రమే, రేపు తెలియవచ్చు. అజ్ఞాత వ్యక్తి ఎవరో దర్యాప్తులో తేలవచ్చు, అజ్ఞేయమైనది ఏ దర్యాప్తుకూ తేలదు.

ఈ మాట రాసేటప్పుడు జరిగే పొరపాట్లు చెబుతాను. అన్నిటికన్నా పెద్దది, వాది అన్న ముక్కను వదిలేసి ‘అతడు అజ్ఞేయుడు’ అనడం. అజ్ఞేయుడంటే తెలియరానివాడు. ఆ మాట దేవుడికి విశేషణంగా చక్కగా సరిపోతుంది గాని, దేవుడి గురించి తెలియదనే మనిషికి సరిపోదు. ‘వాది’ చేరితేనే తెలియరాదని వాదించేవాడన్న అర్థం వస్తుంది. రెండోది, జ్ఞ బదులు జ పడి ‘అజేయవాది’ అని అచ్చవడం. అజేయం జయించరానిది, దాని ధాతువే వేరు. ‘అజ్నేయ’ అని న వత్తు ఇవ్వడమూ తప్పే, జ కింద ఉండవలసింది ఞ. ‘అజ్ఞానవాది’ అని రాసేవారూ ఉన్నారు. అజ్ఞానవాదం ఒక ప్రాచీన పక్షానికి చెందిన పేరు. పరలోకం ఉందని గాని లేదని గాని తేల్చి చెప్పడానికి నిరాకరించిన సంజయ బేలట్ఠిపుత్తుడు బుద్ధుడి కాలంవాడు. అటువంటివారి గురించి చెప్పేటప్పుడు ఆ మాట వాడండి. పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ ఆలోచనకు దాన్ని అంటగట్టకండి.

అజ్ఞేయవాదికి ఇంగ్లీషు మూలమైన ‘అగ్నాస్టిక్’ అన్న మాటను బ్రిటిష్ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ 1869లో కల్పించాడు. అంతిమ సత్యం తమకు తెలిసిపోయిందనే వారికి ఎదురుగా, ‘నాకు అలా తెలియదు’ అనేవాడికి ఒక పేరు కావలసి వచ్చింది. రుజువు కాని నిర్ణయాన్ని నిశ్చయంగా ప్రకటించకూడదన్నది ఆయన పట్టిన నియమం. ఈ సంగతి తెలిస్తే తెలుగు మాటలోని ఒక చిన్న కొరత కూడా తెలుస్తుంది. ‘నాకు తెలియదు’ అనడానికీ ‘ఎవరికీ తెలియరాదు’ అనడానికీ దూరం ఉంది. అజ్ఞేయవాది అన్నది వ్యుత్పత్తి ప్రకారం రెండోవాడికే అతికినట్టు సరిపోతుంది. మొదటివాడికీ అదే పేరు వాడుతున్నాం, వాడవచ్చు. అయితే వ్యాసంలో ఆ తేడా ముఖ్యమైతే కొత్త సమాసం అల్లకుండా ‘తెలియదు’, ‘తెలియరాదు’ అన్న క్రియలతోనే విప్పి చెప్పండి. ఆ సూక్ష్మభేదాన్ని తెలుగు క్రియ అనాయాసంగా పట్టిస్తుంది.

అసలు తికమక వ్యతిరేకార్థం వాక్యంలో ఎక్కడ పడుతుందన్న దానిలో ఉంది. ‘దేవుడు లేడని నమ్ముతాను’ అన్నది ఒక నమ్మకం. ‘దేవుడు ఉన్నాడని నమ్మను’ అన్నది నమ్మకం లేకపోవడం. తర్కం ప్రకారం ఇవి రెండు. కానీ మన మాట తీరులో ‘అతను వస్తాడని అనుకోను’ అంటే వినేవాడు ‘రాడని అనుకుంటున్నాడు’ అనే గ్రహిస్తాడు. ప్రధాన క్రియకు పట్టిన ‘కాదు’ లోపలి వాక్యంలోకి జారిపోతుంది. దేవుడి విషయంలోనూ అదే జరిగి, ‘నమ్మను’ అన్న ప్రతివాడూ ‘లేడు’ అన్నవాడిగా లెక్కకు వస్తున్నాడు. నేరం రుజువు కాలేదనడం వేరు, నేరం జరగలేదని రుజువైందనడం వేరు కదా! ‘ఉన్నాడనే నమ్మకం నాకు లేదు’ అని నామవాచకం చేసి రాస్తే ఆ జారుడు చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్నలు రెండు గనుక ఒకే మనిషికి రెండు పేర్లూ తగిలే అవకాశమూ ఉంది. ‘తేల్చలేమని ఒప్పుకుంటాను, నమ్మకం మాత్రం లేదు’ అనేవాడు అజ్ఞేయవాదీ, విశాలార్థంలో నాస్తికుడూ. ‘తేల్చలేం, అయినా నమ్ముతాను’ అనే భక్తుడూ ఉంటాడు. అందుకే అజ్ఞేయవాదిని ఆస్తిక నాస్తికుల నడుమ నిలబెట్టి ‘తటస్థుడు’ అనడం సరికాదు. ‘గోడ మీద పిల్లి’ అనడం మరీ అన్యాయం, ఆ పిల్లి ఎటు దూకితే లాభమా అని చూస్తుంది. తెలియనిదాన్ని తెలియదనడంలో ఏ లాభాపేక్షా లేదు.

సంశయవాది పరిధి పెద్దది. అతడి అనుమానం దేవుడితో ఆగదు, జ్ఞానమంతటి మీదా ఉంటుంది. క్షణికంగా కలిగే సంశయాన్ని వాదం అనకూడదు. పోతన భాగవతంలో గజేంద్రుడు ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నప్పుడు ఆ ‘ఓ’లో ఉన్నది ఆర్తి. ఆ వెంటనే అతడు మళ్ళీ ఆ దేవుణ్ణే పిలిచాడు. హేతువాది అంటే కారణం, రుజువు చూసి గాని ఒప్పుకోనివాడు. చాలామంది హేతువాదులు నాస్తికులే, కానీ హేతువు ఒక పద్ధతి, నాస్తికత ఒక నిర్ణయం. ఒకదానికి ఇంకొకటి పర్యాయపదం కాదు.

రూపాల గురించి రెండు ముక్కలు. నాస్తికత, నాస్తికత్వం రెండూ సాధువులే. నాస్తికుడు అన్నప్పుడే మతి చెప్పడం అయిపోయింది గనుక నాస్తికవాది, నాస్తికత్వవాది అని సాగదీయనక్కరలేదు. స్త్రీ అయితే నాస్తికురాలు. అజ్ఞేయవాది ఇద్దరికీ చెల్లుతుంది, ‘అజ్ఞేయవాదిని’ అంటే ద్వితీయా విభక్తితో కలిసిపోతుంది.

మీ పరిష్కర్త భయం పాఠకుడికి అర్థం కాదేమోనని. అది తీసిపారేయవలసిన భయం కాదు. దానికి మందు మాట మార్చడం కాదు, మొదటిసారి వచ్చినచోట విప్పడం: ‘దేవుడు ఉన్నదీ లేనిదీ తేల్చి తెలుసుకోలేమనే అజ్ఞేయవాదిగానే డార్విన్ చివరికి మిగిలాడు.’ తర్వాత వచ్చే చోట్ల ఒట్టి అజ్ఞేయవాది చాలు.