లాడ్జి వయసు హాలును బట్టి చెప్పలేం

తాతగారి ట్రంకు పెట్టెలో మద్రాసు ఫ్రీమేసన్ లాడ్జి సర్టిఫికెట్ దొరికిందనీ, ఆ లాడ్జి ఎప్పుడు పుట్టిందో ఎలా తెలుస్తుందనీ అడిగారు కదా. మూడేళ్ల కిందట నేనూ ఇదే వెతికాను, మొదట తప్పులో కాలేసి మరీ. ఫ్రీమేసన్లంటే ఒక సోదర సంఘం సభ్యులు, లాడ్జి అంటే ఆ సంఘానికి స్థానిక శాఖ.

మా తాతయ్య నెల్లూరు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డారు. నెలకోసారి నల్లసూటు వేసుకుని "లాడ్జికి వెళ్లొస్తా" అనేవారట. లాడ్జి అంటే అద్దె గదులే అనుకున్న చుట్టాలు చాన్నాళ్లు గుసగుసలాడుకున్నారు.

నేను ఎగ్మూరు ఎతిరాజ్ సాలైలోని ఫ్రీమేసన్స్ హాలు చూసొచ్చి, అది 1920ల కట్టడం కాబట్టి లాడ్జీ అప్పటిదేనని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. తర్వాత పరిచయమైన ఒక పెద్దాయన, ఆయనా తెలుగువారే, విని నవ్వారు. "మండపం కట్టిన ఏడాదే అందులో పెళ్లయిందంటావా బాబూ?" ఆ ఒక్క హాల్లో చాలా లాడ్జీలు తలా ఒక సాయంత్రం కూడతాయట.

పర్ఫెక్ట్ యునానిమిటీ లాడ్జినే చూడండి. పుట్టింది 1786లో. సొంత భవనం కట్టుకుంది 1839లో, మెరీనా ఎదురుగా. 1865లో పోలీసులు అందులో నెలకు 90 రూపాయల అద్దెకు దిగి, 1874లో 20,000కు ప్రభుత్వం చేత కొనిపించారు. ఇప్పటి డీజీపీ ఆఫీసు అదే! బీచ్‌కి వెళ్లినప్పుడల్లా ఆ తెల్లటి స్తంభాలు చూస్తూనే ఉన్నా, ఈ సంగతి నాకు తట్టలేదు. ఇల్లు పోయినా లాడ్జి పోలేదు.

కాబట్టి మీరు చూడాల్సింది చార్టర్. కనీసం ఏడుగురు మేసన్లు అర్జీ పెట్టుకుంటే లాడ్జీలకు పైనుండే గ్రాండ్ లాడ్జి ఇచ్చే అనుమతి పత్రం అది. తేదీ, స్థాపకుల పేర్లు అందులోనే ఉంటాయి. మీ సర్టిఫికెట్ మీద లాడ్జి పేరు, నంబరు ఉంటాయి. పక్కన ఈసీ అని ఉంటే కంగారు పడకండి, ఇంటి పత్రాల ఈసీ కాదు, ఇంగ్లిష్ కాన్‌స్టిట్యూషన్, అంటే ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జి కిందిదని. స్కాట్లాండ్‌దైతే ఎస్సీ, ఐర్లాండ్‌దైతే ఐసీ.

నంబర్లతోనే అసలు తలనొప్పి. ఇంగ్లండ్‌లో 1863లో అన్నీ మార్చేశారు. 1961లో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడ్డాక అందులో చేరిన లాడ్జీలకు మళ్లీ కొత్త నంబర్లొచ్చాయి. పాత కాగితంలో ఒక నంబరు, ఇప్పటి బోర్డు మీద ఇంకోటి కనబడితే వేరే లాడ్జి అనుకోకండి. పేరు పట్టుకుని హాలు ఆఫీసులో సెక్రటరీని అడగండి. నాకైతే మర్యాదగానే చెప్పారు, రెండు వారాలు తిప్పించుకున్నా.

పెట్టె అడుగున మేసన్లు లాడ్జిలో కట్టుకునే తెల్లతోలు ఏప్రన్ ఉందేమో కూడా చూడండి. లేతనీలం అంచు మీద మూడు రిబ్బన్ పువ్వులుంటే మాస్టర్ మేసన్, అంటే మూడో మెట్టు చేరిన సభ్యుడు. వాటి బదులు తలకిందులైన టీ ఆకారంలో వెండి బిళ్లలుంటే మీ తాతగారు ఆ లాడ్జికి అధ్యక్షులుగా చేసినట్టే. మా తాతయ్యవి పువ్వులే, అందులో ఒకటి చిమ్మెటలు తినేశాయి.