మారినవి పంపారు సరే, తీసేసినవి ఎవరు తీస్తారు?

పోయిన రిలీజ్ తర్వాత మారిన ఫైళ్లు మాత్రమే జిప్ చేసి క్లయింట్‌కి పంపాలి, గిట్‌లో (కోడ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం) ఎలా అని ఒకరు అడిగారు. రెండు ట్యాగుల (రిలీజ్‌లకి పెట్టుకున్న గుర్తులు) మధ్య గిట్ డిఫ్ నేమ్ ఓన్లీ కొడితే మారిన ఫైళ్ల పేర్లు వస్తాయి, ఆ జాబితాని గిట్ ఆర్కైవ్‌కి ఇస్తే జిప్ తయారు. మధ్యలో డిలీట్ చేసిన ఫైల్ ఉంటే ఎర్రర్ వస్తుంది, డిఫ్ ఫిల్టర్‌లో చిన్న డి (d) పెట్టమంటారు, పెడితే డిలీట్ చేసినవి జాబితాలోకి రావు, ఎర్రర్ పోతుంది. నా కొంప ముంచింది ఆ చిన్న డి.

మాది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీకి బిల్లింగ్ ప్రోగ్రాం నేనే చూస్తాను. అక్కడ నెట్ అంటే గుమస్తా ఫోన్ హాట్‌స్పాటే, అందుకే మారినవే పంపేవాణ్ణి (సర్వర్‌లోనే గిట్ పెట్టుకోండి అనేవాళ్లు ఒకసారి అక్కడికొచ్చి చూడాలి). 2025 సెప్టెంబర్ 22న గ్రానైట్ బ్లాకుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది కదా, ముందు రోజు రాత్రి పాత రేట్ల ఫైల్ తీసేసి, కొత్తది రాసి, నా సిస్టంలో మూడు బిల్లులు తీసి చూసుకుని మరీ పంపాను. పొద్దున్నే గుమస్తా ఫోను.

"అన్నా, ఇంకా పన్నెండే పడతా ఉంది. లోడెక్కిన లారీ గేటు కాడ నిలబడి ఉంది, డ్రైవరు అరస్తా ఉండాడు."

బండేసుకుని పరిగెత్తాను. రేట్ల ఫోల్డర్ తెరిస్తే పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉన్నాయి. నా ప్రోగ్రాం ఆ ఫోల్డర్లో ఉన్నవన్నీ పేర్ల వరసలో చదువుతుంది, ఆఖర్న చదివిందే చెల్లుతుంది, ఆ ఆఖరిది పాత ఫైల్. జిప్ విప్పితే కొత్తవి వచ్చి చేరతాయి గానీ ఉన్నవి పోవు కదా! చెరిపేశాక 5 పడింది, లారీ కదిలింది, గుమస్తా టీ తెప్పించాడు, గ్లాసు పట్టుకుంటే నా చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

కాబట్టి నేమ్ ఓన్లీ వద్దు, నేమ్ స్టేటస్ వాడండి, అది ప్రతి పేరు పక్కన ఏం జరిగిందో ఒక అక్షరంతో చెబుతుంది, డి అంటే తీసేసింది. డి అని వచ్చిన పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి, వాటిని చెరిపే చిన్న స్క్రిప్ట్ కూడా జిప్‌లోనే పెట్టండి. పేరు మార్చిన ఫైల్ ఆర్ అని వస్తుంది, దాని పాత పేరు కూడా చెరపాల్సిందే. నో రినేమ్స్ అని ఇస్తే అది పాత పేరు డి, కొత్త పేరు ఏ (కొత్తగా చేరింది) అని రెండుగా వస్తుంది, నాకు అదే నచ్చింది.

ఇంకోటి. బిల్లు నమూనాకి తెలుగులో పేరు పెట్టుకున్నాను. గిట్ దాన్ని కోట్స్‌లో 340, 260 అంటూ అంకెలుగా చూపిస్తుంది, ఆ పేరు ఇస్తే ఆర్కైవ్‌కి ఫైలే దొరకదు. గిట్ సెట్టింగుల్లో కోర్ కోట్‌పాత్ ఫాల్స్ అని పెట్టుకుంటేనే తెలుగు తెలుగులా కనపడుతుంది. మన భాషలో ఫైల్‌కి పేరు పెట్టుకోవడానికి ఇంత వెతుక్కోవాలా అండీ?