శాండ్‌బర్గ్‌ని తలుచుకోవాలంటే

చిన్నా,

చికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు రైన్ శాండ్‌బర్గ్ పోయినప్పటి నుంచి నీకు ఏ పనీ తోచడం లేదని మీ అమ్మ చెప్పింది. ముక్కూమొహం తెలియని ఆటగాడి కోసం ఇంత బాధేమిటి అని ఎవరన్నా అంటే పట్టించుకోకు. నేను మీ ఇంట్లో ఉన్న రోజుల్లో చూసేవాణ్ణిగా, బడి నుంచి రాగానే బ్యాగు దించకుండానే టీవీలో కబ్స్ ఆటలు చూపించే డబ్ల్యూజీఎన్ చానెల్ పెట్టేవాడివి. వాళ్ల మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో 1988 ఆగస్టు దాకా లైట్లే లేవు కాబట్టి కబ్స్ సొంతగడ్డ మీద ఆడే ఆటలన్నీ పగటిపూటే. అలా మీ ఈడు చికాగో పిల్లలకి అతను ఇంట్లో మనిషైపోయాడు.

1999లో మన హైదరాబాద్ క్రికెటర్ జయసింహ పోయినప్పుడు నేనూ ఇంతే. అప్పుడు మా పిల్లలకి ఒకే ఒక్క మ్యాచ్ గురించి చెప్పాను. 1960 కలకత్తా టెస్టులో అయిదు రోజులూ బ్యాటింగ్ చేశాడే, అది. వాళ్లకి ఇప్పటికీ గుర్తుంది.

అందుకే నువ్వూ మీ పాపకి రికార్డులు ఏకరువు పెట్టకు. 1984 జూన్ 23న కార్డినల్స్ జట్టుతో జరిగిన ఆట వీడియో వెతుకు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని స్కోర్‌కార్డు, పెన్సిలు చేతికివ్వు. సెకండ్ బేస్‌మన్, అంటే శాండ్‌బర్గ్ ఆడే స్థానం, స్కోర్‌కార్డులో నంబరు 4 అని చెప్పు. అతను బంతి ఆపి ఫస్ట్ బేస్‌లో ఉన్న 3వ నంబరు ఆటగాడికి విసిరి అవుట్ చేస్తే 4-3 అని రాయించు. మామూలుగా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కబ్స్ ఒక్క పరుగు వెనక. కార్డినల్స్ తరఫున బంతి విసిరే బ్రూస్ సట్టర్ బంతిని శాండ్‌బర్గ్ స్టాండ్స్‌లోకి కొట్టి (దాన్నే హోమ్ రన్ అంటారు) సమం చేశాడు. పదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటై, రెండు పరుగులు వెనకబడి ఉండగా మళ్లీ అదే సట్టర్, మళ్లీ హోమ్ రన్, మళ్లీ సమం! చివరికి పదకొండో ఇన్నింగ్స్‌లో 12-11తో గెలిచారు. ఆ రెండో హోమ్ రన్ వచ్చే ముందు మాత్రం వీడియో ఆపి ఏం జరుగుతుందో పాపకి చెప్పేయకు. నీ సంగతి నాకు తెలుసు.

అప్పట్లో నీతో కలిసి చూసిన స్నేహితుడికి ఫోన్ చెయ్యి. మెసేజ్ చాలదు.

తర్వాత ఆట లేని రోజు చూసుకుని పాపతో రిగ్లీకి వెళ్లు. రెడ్ లైన్ రైల్లో ఆడిసన్ స్టేషన్‌లో దిగితే పక్కనే. బయట అతని విగ్రహం ఉంది, సరిగ్గా ఆ ఆటకి నలభై ఏళ్లు నిండిన రోజున పెట్టారు. చేతిలో బ్యాట్ ఉండదు, బంతి కోసం మోకాళ్లు వంచి కాచుకుని ఉంటాడు. వరసగా 123 ఆటల్లో ఒక్క ఎర్రర్ (ఫీల్డింగ్‌లో తప్పు) కూడా చెయ్యని మనిషిని అలాగే చూపించాలి పాపకి.

నింపిన స్కోర్‌కార్డు ఫొటో తీసి నాకు పంపించు.

మీ బాబాయ్